మట్టి దాచిన ఇండ్లు

చరిత్ర గ్రంథములను తెరచి చూచినచో రాజుల పేర్లు, యుద్ధముల సంవత్సరములు, కోటలు, శాసనములు కావలసినన్ని కనబడును. అన్నము వండిన పాత్రయు, నూలు వడికిన కదురును, బిడ్డ ఆడుకొనిన బొమ్మయు వానిలో మిక్కిలి అరుదు. ఇందుకు చరిత్రకారుల ఉపేక్ష యొక్కటియే కారణము కాదు. రాయి వేలయేండ్లు నిలుచును. కంచును బంగారమును నిలుచును. కట్టె, నార, ఉన్ని, చాప, బుట్ట యను నివి కొలది కాలములోనే మట్టియై పోవును. గృహిణుల చేతులలో దినదినము మెలగు వస్తువులలో పెక్కులు ఈ రెండవ తెగకు జేరినవే. కావుననే పూర్వకాలపు స్త్రీల బ్రదుకును గూర్చి భూమి మనకు చెప్పునది మిక్కిలి స్వల్పము.

అయినను భూమి యొకానొకచోట నోరు విప్పినది. ఆ చోటు అమెరికా సంయుక్త రాష్ట్రములలో వాయవ్యపు కొనయందు, వాషింగ్టన్ రాష్ట్రమున, పసిఫిక్ మహాసముద్రపు ఒడ్డున నున్న ఓజెట్టు గ్రామము. అచ్చట నొక పండితుడును ఒక ఆదిమజాతియు కలసి పదునొకండేండ్లు పాటుపడి, మట్టిక్రింద నున్న సంసారములను వెలికి దెచ్చిరి. దొరికిన సొత్తు ఎవరిది, దానికి పేరు పెట్టు అధికారము ఎవరిది, అది ఎవరి యింట నుండవలయును అను ప్రశ్నలకు వారు చెప్పుకొనిన సమాధానము నేటికిని పండితులకు పాఠముగా నున్నది. ఆ వృత్తాంతమును మా సోదరీమణులకు తెలుపుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మకా జాతివారు

ఓజెట్టు మకా జాతివారి గ్రామము. ‘మకా’ యనునది పొరుగువా రిచ్చిన పేరు. అన్నము పెట్టుటలో ఉదారులని దాని యర్థము. తమ భాషలో వారు తమ్ము రాళ్లయొద్దను సముద్రపక్షులయొద్దను నివసించు జనులని చెప్పుకొందురు. ఒక జాతి కీర్తి దాని అతిథిమర్యాదను బట్టి పొరుగూళ్ల కెక్కినదనగా, ఆ యిండ్ల స్త్రీల చేతిచలువ యెట్టిదో మనము ఊహింపవచ్చును.

ఏటేట నూరు అంగుళములవరకు వాన కురియు ఆ తీరమున వ్యవసాయము లేదు. సముద్రమే వారికి పొలము. పురుషులు దేవదారును బోలిన సీడరు మ్రానును తొలిచి పడవలు చేసి, వానిపై నడిసముద్రమునకు బోయి తిమింగిలములను వేటాడెడివారు. స్త్రీలు ఆ మ్రాని బెరడునే నారగా జీల్చి చాపలును, బుట్టలును, టోపీలును, వానకు దడవని కట్టుబట్టలును అల్లెడివారు. ఒక్క మ్రాను వారికి ఇల్లును, పడవయు, పెట్టెయు, వస్త్రమును అయ్యెను.

1855వ సంవత్సరమున మకా పెద్దలు అమెరికా ప్రభుత్వముతో సంధి చేసికొనిరి. భూమిలో పెద్దభాగమును విడిచిపెట్టినను, తిమింగిలముల వేటహక్కును మాత్రము ఆ పత్రమునందే నిలుపుకొనిరి. పిమ్మట వచ్చిన కష్టము వేరువిధమైనది. పిల్లలను విధిగా పాఠశాలకు బంపవలయునని ప్రభుత్వమువారు నిర్బంధించిరి. పాఠశాల నియా బే గ్రామమునందు గలదు, ఓజెట్టునందు లేదు. బిడ్డలను విడిచి యుండజాలక తలిదండ్రులు ఒక్కొక్కరే యిల్లు వదలి నియా బే చేరిరి. ఇరువదవ శతాబ్దపు మొదటి దశాబ్దములలో ఓజెట్టు శూన్యమయ్యెను. పాఠశాలలో పిల్లలకు ఇంగ్లీషే తప్ప ఇంటిభాష నిషిద్ధము. ఊరు పోయినది చాలక, ఊరి పేరులను పలుకు నాలుకకును సంకెల పడెను.

వృద్ధులు మాత్రము మనుమలకు ఒక కథ చెప్పుచుండెడివారు. పూర్వమొక రాత్రి ఓజెట్టు వెనుకనున్న కొండచరియ జారి, బురద వరదయై వచ్చి ఇండ్లను మనుష్యులతో గూడ కప్పివేసెనని ఆ కథ. దానికి ఋజువు లేదు. కథ కథగానే మిగిలి యుండెను.

డాహర్టీ పండితుడు

రిచర్డ్ డాహర్టీ 1922లో వాషింగ్టన్ రాష్ట్రపు సముద్రతీరమున నున్న ఆబర్డీన్ పట్టణమున జన్మించెను. రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా నౌకాదళమున జేరి గాలిఓడలను నడపెను. యుద్ధానంతరము మానవశాస్త్రము నభ్యసించుచు, 1947లో ఆ తీరమంతయు కాలినడకను తిరిగి, పూర్వజనుల నివాసస్థలములను పరిశీలించి వ్రాసికొనెను. అట్లు తిరిగినపుడే ఓజెట్టును మొదట జూచెను. అలల పోటును మెత్తపరచు దిబ్బలును, పడవలు దిగుటకు వీలైన ఒడ్డును, వెనుక నిటారైన చరియయు గల ఆ స్థలము ఆయన మనస్సున నాటుకొనెను.

1950లో ఆయన పుల్‌మన్ పట్టణమున నున్న వాషింగ్టన్ స్టేట్ కళాశాలలో ఉపాధ్యాయుడయ్యెను. ఆ కళాశాల తరువాత విశ్వవిద్యాలయమైనది. ఆయన యుద్యోగమున గొప్ప దుఃఖము గలిగించిన సంగతి యొకటి గలదు. స్నేక్ నదికి సమీపమున మార్మెస్ అను కొండగుహయొద్ద ఆయనయు, సహచరుడైన రోల్డ్ ఫ్రిక్సెల్ అను భూశాస్త్రజ్ఞుడును త్రవ్వగా, సుమారు పదివేల సంవత్సరముల నాటి మనుష్యుల యెముకలు దొరకెను. ఆ లోయలో నొక ఆనకట్ట సిద్ధమగుచుండెను. గుహచుట్టును అడ్డుకట్ట వేసిరి గాని, దాని యడుగునుండి నీరు ఊరి లోనికి జొచ్చెను. 1969లో ఆ స్థలము నీటిపా లయ్యెను. పనివారు తుదిగడియలలో గోతులను ప్లాస్టికు పట్టాలతోను ఇసుకతోను కప్పి బయటికి వచ్చిరి.

ఒకచోట నీరు చరిత్రను మ్రింగినది. మరుసటి సంవత్సరమే మరియొకచోట నీరు చరిత్రను బయటపెట్టినది.

తుపాను వేళ వచ్చిన పిలుపు

డాహర్టీ 1966, 1967 సంవత్సరముల వేసవులలో శిష్యులతో ఓజెట్టునకు వచ్చి పరీక్షార్థము పొడవైన కందకము నొకటి త్రవ్వించెను. జనులు అచ్చట కనీసము రెండువేల సంవత్సరములుగా నివసించుచున్నట్లు దానివలన దెలిసెను. చరియదిగువ నొక్కచోట తడిమట్టిలో కట్టెయు నారయు చెడక యుండుటను ఆయన గమనించెను గాని, ఆ పని అంతటితో నాగెను.

1970 ఫిబ్రవరిలో పెద్ద తుపాను వచ్చి సముద్రము ఒడ్డును కోసివేసెను. చరియనుండి ఇంటిపలకలును, పెట్టెలును, గాలములును జారి ఇసుకపై పడెను. దారిన బోవువారు దొరికినది దొరికినట్లు పట్టుకొని పోవుచున్నారని మకా సభాధ్యక్షుడగు ఎడ్ క్లాప్లన్‌హూకు తెలిసెను. మకా జాతిలో కళాశాల పట్టమును పొందిన ప్రథముడు ఆయనయే. అదియును డాహర్టీ బోధించిన కళాశాలలోనే. ఆయన వెంటనే డాహర్టీకి టెలిఫోనుద్వారా కబురు చేసెను.

ఇచ్చట మా సోదరీమణులు గమనింపవలసిన దొకటి కలదు. అంతవరకు అమెరికా ఆదిమజాతుల స్థలములను త్రవ్విన పండితులలో పెక్కుమంది వారి సెలవు నడిగినవారు కారు. దొరికినవానిని దూరనగరముల వస్తుశాలలకు బంపి, ఆ జాతి బిడ్డలు తమ తాతల వస్తువులను జూడవలెనన్న వందలమైళ్లు పోవలసిన గతి కల్పించిరి. ఓజెట్టునందు అట్లు జరుగలేదు. పిలిచినది జాతి, వచ్చినది పండితుడు. దొరికిన ప్రతి వస్తువును మకావారిదే యనియు, అది మకా భూమి దాటి పోరాదనియు మొదటనే నిర్ణయ మయ్యెను. ఆ సంవత్సరముననే అమెరికా శాసనసభ ఓజెట్టు భూమిని మకా జాతిపరము చేసెను.

నీటితో త్రవ్వుట

త్రవ్వుట యనగా గడ్డపారయు తాపీయు స్ఫురించును. నీట నానిన కట్టె నాని యుడికిన చేమదుంపవలె మెత్తగా నుండును. తాపీ తగిలినచో తెగిపోవును. అందుచే సముద్రపు నీటిని యంత్రముతో తోడి, రబ్బరు గొట్టములద్వారా చిమ్మి బురదను కడిగిరి. పెద్ద పలకలయొద్ద ధార బలముగాను, బుట్టలయొద్ద తుంపరగాను ఉండునట్లు చేతితో సవరించుకొనెడివారు. విద్యార్థులును, మకా యువతీయువకులును చలికాలపు వానలోసయితము అచ్చటనే కుటీరములు వేసికొని పని చేసిరి. బండిదారి లేదు, అడవిలో మూడుమైళ్లకు మించి నడిచి రావలయును. బరువైన సామాను హెలికాప్టరులో దిగెడిది.

గాలి సోకకుండ బిగిసిన బంకమట్టి ఆ యిండ్లను సుమారు 300 సంవత్సరములు కాపాడెను. 1700వ సంవత్సరమున ఆ తీరమును కుదిపిన మహాభూకంపముచేతనే చరియ జారె నని కొందరు తలంచుచున్నారు. మట్టి తొలగించునప్పటికి ఆకులు పచ్చగానే యుండి, గాలి తగిలినతోడనే చూచుచుండగనే నల్లబడెనట!

వృద్ధుల కథ నిజమయ్యెను. బురద వరదయై వచ్చుట నిజము. ఇండ్లు కప్పబడుట నిజము. తరతరములుగా నోటినుండి చెవికి, చెవినుండి నోటికి సాగి వచ్చిన మాటకు మట్టియే సాక్ష్యము పలికెను.

ఏమేమి దొరకెను?

మూడు ఇండ్లను పూర్తిగా వెలికిదీసిరి. అవి సీడరు పలకలతో గట్టిన పెద్ద ఇండ్లు. ఒక్కొక్కటి అరువది అడుగులకు పైబడిన పొడవు గలది. గోడల వెంబడి అరుగులు. అనేక కుటుంబములకు వేరువేరు పొయ్యిలు. మన సమష్టి కుటుంబముల యిండ్లు జ్ఞప్తికి రాకపోవు. 55,000 లకు మించిన వస్తువులు దొరకినవి. అవి ఎచ్చట విడువబడెనో అచ్చటనే యున్నవి గనుక, ఏ కుటుంబము ఏ మూలనుండెనో, ఎవరు ఏ పని చేసెడివారో కూడ తెలియవచ్చినది.

వంటసామగ్రిని జూతము. వారికి కుండలు లేవు. ఒకే సీడరు పలకను ఆవిరిలో మెత్తపరచి, మూడు మూలల వంచి, నాలుగవ మూలను కుట్టి నీరు కారని పెట్టెలు చేసెడివారు. ఆ పెట్టెలో నీరుపోసి, పొయ్యిలో ఎఱ్ఱగా కాల్చిన రాళ్లను పటకారుతో దానిలో వేసిన యెడల నీరు తెర్లును, చేపలు ఉడుకును. సీలు అను సముద్రజంతువు నూనె పోసి ఎండుచేపలను అద్దుకొని తినుటకు చెక్క మరిగెలు గలవు. వానిలో నొకటి మనుష్యాకారమున చెక్కబడి, తలకు నిజమైన వెండ్రుకల జడతో నుండెను.

నేతసామగ్రి మరింత వింతయైనది. మగ్గపు దూలములు, పోగులను బిగగొట్టు చెక్కలు, కదుళ్లు, కదురు బిళ్లలు దొరకెను. ఉన్నికొరకు వారు గొఱ్ఱెలను గాక, దట్టమైన బొచ్చుగల ఒకజాతి కుక్కలను పెంచెడివారు. వాని యున్నితో నేసిన గళ్ల కంబళి యొకటి బురదలో చెడక నిలిచి యుండెను. ఆ కంబళి నేసిన యిల్లాలి పేరు మన కెన్నటికిని దెలియదు. ఆమె చేతిపని మాత్రము కన్నుల యెదుట గలదు.

బాడిసలును ఉలులును దొరకెను. కొన్నింటికి ఇనుపఅలుగు లుండెను. తెల్లవా రింకను రాని కాలమున ఇనుము ఎట్లు వచ్చెను? ఆసియాఖండపు ఓడలు పగిలి, వాని చెక్కలు ప్రవాహమున కొట్టుకొని వచ్చుటవలన నని పండితుల యూహ. బీవరు అను జంతువు పండ్లతో చేసిన పాచికలు దొరకెను. ఆ వానలరాత్రులలో వారును మనవలెనే పాచిక లాడుకొనిరి. అన్నింటికంటె మనోహరమైనది తిమింగిలపు వీపురెక్క యాకారమున సీడరుకట్టెతో చేసిన శిల్పము. దానిపై సముద్రపు నీరుపిల్లుల పండ్లను 700 లకు పైగా పొదిగిరి.

ఇంత దొరకినను కాపాడనిచో ఫలములేదు. నానిన కట్టె ఎండినచో ముడుతపడి పగులును. కావున నియా బేలో నొక పరిశోధనశాలను నెలకొల్పి, పాలిఎథిలీన్ గ్లైకాల్ అను, నీట కరగు మైనమువంటి పదార్థములో వస్తువులను నెలలతరబడి నానవేసిరి. కట్టెలోని నీరు మెల్లమెల్లగా వెడలి, ఆ చోటున మైనము చేరి కట్టెకు బలమిచ్చును. మన యింట మామిడికాయ ముక్కలలోనికి ఉప్పు ఊరునట్లే, ఈ పనికిని త్వరపాటు పనికిరాదు. ఆ పనిలో మకా యువజనులు తర్ఫీదు పొందిరి.

పేరు చెప్పినవారు

ఒక వస్తువు దొరకును. అది ఏమో పండితునకు తెలియదు. పుస్తకములలో లేదు. అప్పుడు నియా బేనుండి వృద్ధులను పిలిపించి చూపెడివారు. వా రా వస్తువును చేతబట్టి, తాము చిన్ననాట తాతల యింట జూచినదానిని జ్ఞప్తికి దెచ్చుకొని, దాని పేరును ఉపయోగమును చెప్పెడివారు. పాఠశాలలో పలుకరాదని నిషేధింపబడిన భాషయే ఇప్పుడు శాస్త్రమునకు దారి చూపినది. బుట్ట అల్లిక జూచి ఏ నార, ఏ ముడి యని చెప్పగల స్త్రీలు ఆ గ్రామమున నింకను గలరు. పట్టములు లేని ఆ వృద్ధులయెదుట, పట్టములుగల పండితుడు వినయముతో విని వ్రాసికొనెను. డాహర్టీ కీర్తికి మూలము ఆయన గడ్డపారలో కంటె ఆయన చెవులలో నున్నదని మేము తలంచుచున్నాము.

1979లో మకావారు నియా బేలో తమ వస్తుశాలను తెరచిరి. పూర్వపద్ధతి నొక పలకయిల్లును అందు నిర్మించిరి. దాచియుంచిన వస్తువులను వర్గీకరించుటలోను తమ భాషనే అనుసరించిరి. ఇతర వస్తుశాలలలో ఇది చెక్క, ఇది ఎముక యని విభజింతురు. ఇచ్చట మకాభాష ఏ వస్తువులను ఒక కుటుంబముగా పిలుచునో అవి యొకచోట నుండును. ఏ యింటిది ఆ యింటి సొత్తుగా గుర్తింపబడును. స్త్రీలు తాకవలసినవి, పురుషులు తాకవలసినవి యను పూర్వాచారములను సయితము పాటించుచున్నారు. ఆ వస్తుశాల పక్షముననే భాషాబోధనయు సాగినది. మకాభాషను పుట్టుకతో నేర్చిన చివరి వృద్ధురాలు నూరేండ్ల వయస్సున 2002లో గతించెను. ఆమె పలికిన మాటలును, ఆమె తరమువారు చెప్పిన పేర్లును అప్పటికే భద్రపరచబడి యుండుటచే, నేటి పిల్లలు వానిని పాఠశాలలోనే నేర్చుకొనుచున్నారు. ఏ పాఠశాల ఊరిని ఖాళీ చేయించెనో, ఆ పాఠశాలలోనికే ఊరిమాట తిరిగి వచ్చినది.

అంతయు సుఖాంతమని చెప్పజాలము. ధనము చాలక 1981లో త్రవ్వకము నిలిచిపోయెను. తక్కిన ఇండ్లు మట్టిలోనే యున్నవి. ఓజెట్టు ఊరిగా మరల వెలయలేదు. త్రవ్వకపు గోతులను పూడ్చివేసిరి. అచ్చటికి బోవువారికి అడవియు, ఇసుకయు, అలలును కనబడును. వస్తువులు మాత్రము నియా బేలో తమవారి నడుమ నున్నవి. డాహర్టీ 2014లో తన 91వ యేట గతించెను. నేడు ఆదిమజాతుల సమ్మతితో, వారి భాగస్వామ్యముతో పరిశోధన చేయవలయునను పద్ధతి పెక్కుదేశములలో వ్యాపించుచున్నది. అట్టి మార్గమున ముందుగా నడచినవారిలో మకావారికిని, వారి పిలుపు విని వచ్చిన ఈ పండితునకును స్థానము గలదు.

మా సోదరీమణులకు మనవి యొక్కటి. మన యిండ్లలోను అటకలపై పాతపెట్టెలు కలవు. అందలి వస్తువుల పేర్లు తెలిసిన అవ్వలును, అమ్మమ్మలును నేడు కొందరే గలరు. ఇది దేనికి వాడెడివా రనియు, దీనిని ఏమందు రనియు వారి నడిగి, చెప్పినది చెప్పినట్లు వ్రాసి యుంచుడు. చేసినవారి చేతిపని అదృష్టవశమున మట్టిలో నిలువవచ్చును గాని, దాని పేరు మట్టిలో నిలువదు. అది అడిగి తెలిసికొనిన వారియొద్దనే నిలుచును.